నిజమైనచో చాలునా?
విజ్ఞానసర్వస్వమున ఆధారముల నియమము: ఒక విమర్శ

విజ్ఞానసర్వస్వమును రచించుట పూర్వము కొలదిమంది పండితుల పని. 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలి స్థాపనకు ముఖ్యకారకుడైన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, తరువాత ఆంధ్ర విజ్ఞానసర్వస్వమును ఆరంభించి, కొన్ని వ్యాసములను తాను వ్రాసి, కొన్నింటిని విషయమెరిగిన వారిచే వ్రాయించి ప్రకటించెను. 1923లో ఆయన మరణించునాటికి మూడు సంపుటములు మాత్రమే వెలువడినవి. ఖండవల్లి లక్ష్మీరంజనము ప్రధాన సంపాదకులుగా హైదరాబాదు నుండి 1958 మొదలుకొని సంగ్రహ ఆంధ్ర విజ్ఞానకోశము ఎనిమిది సంపుటములుగా వచ్చినది. ఈ గ్రంథములను తెరచిన పాఠకునకు లభించు హామీ యేది? వ్యాసకర్త పేరును, సంపాదకుని పేరునే గదా! ఆ పేర్లపై గల గౌరవముచే అందలి మాటను లోకము నమ్మినది.

2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియాలో ఈ హామీ లేదు. అందు పదవ తరగతి విద్యార్థియు, విశ్వవిద్యాలయ ఆచార్యుడును ఒకే వ్యాసముపై ఒకే అధికారముతో పనిచేయవచ్చును. వ్యాసము క్రింద రచయిత సంతకముండదు. ఉన్నను అది మారుపేరు కావచ్చును. కావున నమ్మకము నిలువవలసిన స్థానము మారినది. పూర్వము మనిషిపై నిలిచినది. ఇప్పుడు ఆధారముపై నిలువవలసియున్నది. ఆధారముల నియమమంతయు ఈ ఒక్క మార్పునుండి పుట్టినదే. ఈ సంగతి తెలిసినచో నియమము సులభము. తెలియనిచో అది క్రొత్తవారిని గెంటివేయుటకు కట్టిన గోడవలె కనిపించును.

గడ్డిఅన్నారం నుండి ఐదు వాక్యములు

హైదరాబాదు నగరమునకు తూర్పుదిక్కున, దిల్‌సుఖ్‌నగర్‌ను ఆనుకొని గడ్డిఅన్నారం ఉన్నది. అచ్చట నివసించు ఇంటర్మీడియట్ విద్యార్థి యొకడు తన పేటను గురించిన వ్యాసమునకు ఐదు వాక్యములు చేర్చినాడని భావింపుడు. మొదటిది: ‘గడ్డిఅన్నారం ఒకప్పుడు ప్రత్యేక పురపాలక సంఘము, 2007లో గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిసినది.’ రెండవది: ‘గడ్డి విస్తారముగా పెరిగెడి చోటగుటచే ఈ పేరు వచ్చినది.’ మూడవది: ‘గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ కొత్తపేటలో విజయవాడ రహదారి ప్రక్కన ఉన్నది.’ నాల్గవది: ‘2001 తరువాత పదేండ్లలో ఇచ్చటి జనాభా మిక్కిలి పెరిగినది.’ ఐదవది: ‘ఇచ్చటి ఫలానా కోచింగ్ సెంటరు రాష్ట్రములో మొదటి స్థానమున ఉన్నది.’

కొన్ని దినములకు చూడగా, మొదటి వాక్యము ప్రక్కన ‘ఆధారం చూపాలి’ అను గుర్తు వెలసినది. రెండవది, ఐదవది కనుమరుగైనవి. తక్కిన రెండింటిని ఎవరో ప్రశ్నించిరి. విద్యార్థికి కోపము వచ్చును. ‘నేను పుట్టి పెరిగిన పేట ఇది. తాతగారు చెప్పిన మాట ఇది. నిజమును వ్రాసినచో తీసివేయుటయేమి?’ అని అడుగును. ఆ ప్రశ్నను త్రోసివేయరాదు. క్రొత్త రచయితలలో పెక్కుమంది పని విరమించుకొను చోటు ఇదియే. ఒక్కొక్క వాక్యమును పరీక్షించినచో, నియమములోని న్యాయమును, దానిని బోధించు పద్ధతిలోని లోపమును రెండును తేటపడును.

మొదటి వాక్యము నిజము. 2007 ఏప్రిల్‌లో గ్రేటర్ హైదరాబాదు ఏర్పడినపుడు అందు కలిసిన పన్నెండు పురపాలక సంఘములలో గడ్డిఅన్నారం ఒకటి. దీనికి ప్రభుత్వ ఉత్తరువును, నాటి దినపత్రికల వార్తలును ఉన్నవి. విద్యార్థి చేసిన తప్పు అబద్ధమాడుట కాదు. తాను వచ్చిన దారిని చెరిపివేయుట. పత్రిక పేరు, తేదీ, పుట సంఖ్య వ్రాసినచో సరిపోవును. ‘పత్రికలలో వచ్చినది’ అని ఊరకనుట ఆధారము గాదు. ‘గ్రంథాలయములో పుస్తకమున్నది’ అని చెప్పి, ఏ బీరువాలోనో చెప్పకుండుట వంటిదే అది.

రెండవ వాక్యము వినుటకు సొంపుగా నున్నది. గడ్డి అను మాట పేరులోనే యున్నది గావున ఆ ఊహ సహజము. కాని అన్నారం అను పేరుగల ఊళ్లు తెలంగాణలో పెక్కు గలవు. గోదావరిపై కట్టిన బ్యారేజీ యొకటి అట్టి ఊరి పేరుతోనే ప్రసిద్ధము. ఒకే పేరుగల ఊళ్లను వేరుచేసి చెప్పుటకు ముందొక మాట చేర్చుట వాడుక. కావున ‘గడ్డి’ అనునది ఆ విధముగా చేరిన గుర్తు కావచ్చునని మరియొకడు ఊహింపవచ్చును. రెండు ఊహలును చెవికి ఇంపైనవే. ఒకటి నిజమై, రెండవది అబద్ధము కావచ్చును. రెండును అబద్ధములు కావచ్చును. పాత భూమి రికార్డులో శాసనమో చూచి ఎవరైన నిర్ణయించి అచ్చులో ప్రకటించువరకు, విజ్ఞానసర్వస్వము ఏ పక్షమును వహింపరాదు. వికీపీడియాలో ‘మౌలిక పరిశోధన నిషిద్ధము’ అనెడి నియమమునకు అర్థమింతే.

ఈ నియమము పేరు వినగానే అది పరిశోధనకు విరోధియని క్రొత్తవారు తలచెదరు. అది పొరపాటు. సురవరం ప్రతాపరెడ్డి కావ్యములనుండి, ఇతర రచనలనుండి జనుల తిండితీర్థములను, ఆచారములను ఏరి 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను ప్రకటించెను. అది గొప్ప మౌలిక పరిశోధన. దానికి తగిన చోటు గ్రంథము. ఆయన గ్రంథముగనే ప్రకటించెను. ఇతర పండితులు చదివిరి, మెచ్చిరి, తర్కించిరి. 1955లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. విజ్ఞానసర్వస్వము అట్టి గ్రంథము వెనుక నడచును గాని ముందు నడువదు.

మూడవ వాక్యమునకు ఆధారములు కొల్లలు. ఏండ్లకొలది వచ్చిన వార్తలన్నియు పండ్ల మార్కెట్ కొత్తపేటలోనే యున్నదని చెప్పును. ఐనను వాక్యము నేడు తప్పు. 2021లో దానిని బాటసింగారమునకు తరలింప ప్రభుత్వము నిర్ణయించినది. 2022 ఏప్రిల్‌లో పాత మార్కెట్ స్థలమున సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగినది. ఆధారము అబద్ధమాడలేదు, దాని వయస్సు చెల్లినది. సైన్సు ఉపాధ్యాయులకు దీనికి సమానమైన ఉదాహరణము తెలిసినదే. 2006 ఆగస్టుకు ముందు అచ్చయిన పెక్కు పాఠ్యపుస్తకములు సూర్యునకు తొమ్మిది గ్రహములని చెప్పును. ఆ నెలలో ప్రేగ్ నగరమున అంతర్జాతీయ ఖగోళ సంఘము గ్రహమునకు నిర్వచనమును ఏర్పరచగా, ప్లూటో మరుగుజ్జు గ్రహమైనది. కావున ‘ఉన్నది’ అని వ్రాయుటకంటె ‘2021 వరకు ఉండినది’ అని వ్రాయుట మేలు. ఏ సంవత్సరపు ఆధారమో ఆ సంవత్సరపు సత్యమునే అది మోయగలదు.

నాల్గవ వాక్యములోని చిక్కు సూక్ష్మమైనది. 2001 జనగణనలో గడ్డిఅన్నారం ప్రత్యేక పట్టణము. 2011 నాటికి అది నగరపాలక సంస్థలో కలిసిపోయినది. అప్పటి అంకెలు నగరపు వార్డుల లెక్కలో చేరినవి. వార్డు ఎల్లలు పాత పట్టణపు ఎల్లలతో సరిపోవలెనన్న నియమము లేదు. విద్యార్థి ఒక అంకెను ఒక ప్రభుత్వ గ్రంథమునుండియు, రెండవ అంకెను మరియొక ప్రభుత్వ గ్రంథమునుండియు తీసికొని, రెంటిని తీసివేసి, ఇంత పెరిగినదనినాడు. రెండు ఆధారములును గట్టివే. కాని ఆయన చెప్పిన ఫలితము రెండింటిలోను లేదు. లోహపు కడ్డీ పొడవును మొదట అంగుళములలోను, పిమ్మట సెంటీమీటర్లలోను కొలిచి, అంకెల భేదమును చూచి కడ్డీ పెరిగినదనుట వంటిది ఇది. రెండు నిజములను కలిపి మూడవ నిజమును పుట్టించుట విజ్ఞానసర్వస్వమున కూడదను నియమము క్రొత్తవారికి అన్నింటికంటె కష్టముగా తోచును. ఆ నియమము లేనిచో ఎట్టి ప్రమాదమో ఈ ఒక్క లెక్క చాటుచున్నది.

ఐదవ వాక్యమునకు ఆధారముగా విద్యార్థి చూపగలిగినది ఆ కోచింగ్ సెంటరు వారి కరపత్రమే. దిల్‌సుఖ్‌నగర్ వీధులలో ర్యాంకుల ప్రకటనలు చూచినవారికి వేరే చెప్పనక్కరలేదు. తన్ను గురించి తాను చెప్పుకొనిన మాట, స్థాపించిన సంవత్సరము వంటి సాదా సంగతులకు చెల్లవచ్చును, పొగడ్తకు చెల్లదు. ఆధారము అచ్చులో ఉండుట చాలదు, విషయముతో లాభనష్టములు లేనిదై యుండవలెను. డబ్బిచ్చి వేయించిన వార్తయు ఈ కరపత్రమునకు సోదరియే.

నియమము ఎందులకు?

‘నిజము వ్రాసినను తీసివేయుదురా?’ అను ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. విద్యార్థి వ్రాసినది నిజమో కాదో పాఠకునకు తెలియు దారి లేదు. నిజము తెలిసినవాడును, తెలిసెననుకొనువాడును, కావలెనని అబద్ధమాడువాడును ఒకే ధైర్యముతో వ్రాయుదురు. 2005లో అమెరికాలో జాన్ సీగెన్‌థాలర్ అను పత్రికా సంపాదకుని గురించిన వ్యాసములో, కెనెడీ సోదరుల హత్యలలో ఆయనపై అనుమానముండెనని ఎవరో పరిహాసమునకు చేర్చిన అసత్యము నాలుగు నెలలు నిలిచినది. అందు ఆధారము లేదు. ఆధారమేదని అడిగినవారును లేరు. జీవించియున్న వ్యక్తుల విషయమున ఆధారములేని నిందను వెంటనే తొలగింపవలెనను కట్టుబాటు తరువాత గట్టిపడినది.

మరియొక ఉదాహరణము ఇంకను విచిత్రమైనది. 2008లో ఒక విద్యార్థి, కోటీ అను అమెరికా ఖండపు జంతువును గురించిన ఆంగ్లవ్యాసములో దానికి ‘బ్రెజిల్ ఆర్డ్‌వార్క్’ అనియు పేరు కలదని సరదాగా చేర్చెను. ఆధారము లేదు. కొంతకాలమునకు ఆ పేరు పత్రికలలోను గ్రంథములలోను ప్రాకినది. పిమ్మట వానినే ఆ వ్యాసమునకు ఆధారములుగా చూపిరి. నీడ తన నీడను సాక్ష్యమునకు పిలిచినట్లయినది! గడ్డిఅన్నారం పేరును గురించిన ఊహ వ్యాసములో నిలిచియుండినచో, దానికిని ఈ గతియే పట్టవచ్చును. పత్రికా విలేఖరి ఒకడు దానిని ఎత్తి వ్రాయును. మరుసటి ఏడు ఆ వార్త ఆధారమగును. పదేండ్లకు ఊహ చరిత్రయగును. అప్పుడు తాతగారి అసలు మాటను వినుటకు ఎవరును మిగులరు.

విజ్ఞానశాస్త్ర విద్యార్థి ఇచ్చట ఒక ఆక్షేపణ తేగలడు. 1660లో లండనులో వెలసిన రాయల్ సొసైటీ ‘ఎవరి మాటను ఊరక నమ్మకుము’ అనెడి భావముగల సూత్రమును ధరించినది. శాస్త్రము ప్రయోగమును నమ్మును. వికీపీడియా అచ్చైన మాటను నమ్మమనుచున్నది. ఇది వెనుకకు నడచుట గాదా? ఆక్షేపణ పైకి బలమైనదే. లోతుకు పోయినచో విరోధము లేదు. ప్రయోగము చేసినవాడు పరికరమును, కొలతలను, పద్ధతిని ప్రకటించును. ఇతరుడు అదే దారిలో పోయి చూడగలుగుటకే ఆ ప్రకటన. విజ్ఞానసర్వస్వపు రచయిత పుస్తకము పేరును పుటసంఖ్యను ప్రకటించును. ఇతరుడు అదే పుటను తెరచి చూడగలుగుటకే. రెండుచోట్లను పని ఒక్కటే: నమ్మమని కోరక, పరీక్షింపుమని దారి చూపుట.

ఐనను అచ్చైనదంతయు నిజము గాదు. 1998లో లాన్సెట్ అను ప్రసిద్ధ వైద్యపత్రికలో పన్నెండుమంది పిల్లలను గురించి వచ్చిన వ్యాసము, టీకాకును ఆటిజమునకును సంబంధము గలదను భయమును లోకమున వ్యాపింపజేసినది. 2010లో ఆ పత్రికయే దానిని ఉపసంహరించినది. అందుచేతనే వైద్యవిషయములలో ఒంటరి పరిశోధనావ్యాసముకంటె, పెక్కు పరిశోధనలను తూచి వ్రాసిన సమీక్షావ్యాసములను ఆధారముగా తీసికొనవలెనని నియమము. ఈ జాగ్రత్తలన్నియు ఉన్నను తప్పులుండకపోవు. 2005 డిసెంబరులో నేచర్ పత్రిక 42 శాస్త్రవ్యాసములను నిపుణులచే పరీక్షింపజేసినపుడు, ఆంగ్ల వికీపీడియాలో 162, ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో 123 లోపములు కనబడెనని వెల్లడించినది. పండితుల సంపుటములును దోషరహితములు కావని దీనివలన తెలియుచున్నది. ఆధారము చూపిన తప్పును దిద్దుట సులభము; ఆధారము లేని తప్పును కనిపెట్టుటయే కష్టము. నియమపు అసలు లాభమిది.

బోధనలోని లోపములు

నియమము మంచిదే. దానిని క్రొత్తవారికి చెప్పు తీరులో మాత్రము లోపములున్నవి.

మొదటి లోపము భాష. ఆంగ్ల వికీపీడియా నియమావళి 2012 వరకు, చేర్చదగినదానికి కొలబద్ద నిర్ధారింపదగుటయే గాని సత్యము గాదను భావమును ముందుంచినది. చెప్పదలచినది సరియే, చెప్పిన తీరు మాత్రము సత్యముతో పనిలేదన్నట్లు ధ్వనించినది. ఆ యేటి చర్చల పిమ్మట దానిని సవరించిరి. తెలుగులో ఈ నియమములు ఎక్కువగా ఆంగ్లపు అచ్చులోనివే గావున, అదే అపార్థము మన పల్లెటూరి విద్యార్థికిని కలుగును. ‘సత్యము వలదు’ అని కాదు, ‘సత్యమును ఇతరులు చూడగల చోట ఉంచుము’ అని చెప్పవలెను.

రెండవ లోపము వరుస. క్రొత్తవానికి స్వాగతముతో పాటు పెక్కు పుటలకు దారి చూపబడును. ఏది మొదట చదువవలెనో తెలియక అతడు ఏదియు చదువడు. సైకిలు నేర్పువాడు బ్రేకు నిర్మాణమును గూర్చి ఉపన్యసింపడు. సీటు పట్టుకొని వెంట పరుగెత్తును. ఒక వాక్యము, ఒక పుస్తకము, ఒక పుట: ఈ మూడింటిని ఒకసారి చేయించిన పిమ్మట నియమములు చెప్పినచో అవి మనసున నాటును.

మూడవ లోపము మౌనము. గుర్తు పెట్టువాడు ఎందుకు పెట్టెనో చెప్పడు; తొలగించువాడు ఏమి చేసినచో నిలుచునో చెప్పడు. ‘పేరు ఊహ గావున తీసితిని, గ్రంథమున్నచో మరల చేర్చుము’ అను ఒక్క వాక్యము వ్రాయుటకు అరనిమిషము పట్టును. ఆ అరనిమిషము మిగిల్చుకొనుటచే ఒక రచయిత నష్టమగును.

నాల్గవది నియమములోనిదే, అన్నింటికంటె బరువైనది. అచ్చైన ఆధారము కావలెననుట, అచ్చు విస్తారముగా గల భాషలకు తేలిక. తెలుగునాట ఊళ్ల చరిత్ర, చేతిపనులు, పంటల రకములు, చెరువుల కథ మొదలగునవి ఎక్కువగా నోటిమాటలోనే యున్నవి. ఆ ఆధారము తేలేనివాడు సోమరి గాడు, ఆధారమే పుట్టలేదు. ఈ చిక్కును గుర్తించి, 2011లో అచల్ ప్రభల భారతదేశమునను దక్షిణాఫ్రికాలోను పెద్దల నోటిమాటను రికార్డు చేసి ఆధారముగా చూపు ప్రయత్నమును నడిపెను. మలయాళము, హిందీ, సెపెడి భాషలలో అది జరిగినది. ప్రయత్నము ప్రశంసనీయమే గాని, సాధారణ నియమముగా అది అంగీకరింపబడలేదు. వీధిలోని ఒక వృద్ధుని మాటను రికార్డు చేసినంతమాత్రమున దానిని తూచు సంపాదకుడు దొరకడు గదా!

మార్గము

కావున నియమమును సడలించుటకంటె ఆధారములను పెంచుటయే సరియైన మార్గము. ఈ మార్గము తెలంగాణకు క్రొత్త గాదు. నిజాం రాష్ట్రమున తెలుగు కవులు లేరన్న మాట ఒకటి అచ్చులో వచ్చినపుడు, సురవరం ప్రతాపరెడ్డి కోపముతో ఊరకుండలేదు. కవుల వివరములను, పద్యములను ఊరూరినుండి తెప్పించి, 354మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించెను. ఆక్షేపణకు ఆధారమే సమాధానమైనది. లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో ‘తెలంగాణా శాసనములు’ ప్రకటించినది. అంతవరకు పొలములలో, గుడిగోడలపై ఉన్న మాటలు ఆనాటినుండి ఎవరైన తెరచి చూడదగిన పుటలైనవి.

ఉన్నత పాఠశాలలో ఈ పనికి ఆరంభము చేయవచ్చును. విద్యార్థులు తమ పేటను గురించి ఐదు వాక్యములు వ్రాయవలెను. ప్రతి వాక్యము ప్రక్కన ‘ఎవరు చెప్పిరి? ఎప్పుడు? ఎచ్చట చూడవచ్చును?’ అను మూడు ప్రశ్నలకు జవాబు వ్రాయవలెను. జవాబు గల వాక్యములు విజ్ఞానసర్వస్వమునకు పోవును. జవాబు లేనివానిని పారవేయరాదు. వానిని ‘వెదుకవలసినవి’ అను రెండవ నోటుబుక్కులో ఉంచవలెను. గ్రంథాలయములో పాత సంపుటములు, జిల్లా గెజిటీర్లు, జనగణన పుస్తకములు, అంతర్జాలములో చేర్చిన పాత తెలుగు పత్రికలు తిరుగవేయుటకు ఆ నోటుబుక్కే దారి చూపును. ఉపాధ్యాయుడు పెద్దలను కలిసి, ఇద్దరు ముగ్గురి మాటలను పోల్చి, రికార్డులతో సరిచూచి, స్థానిక చరిత్ర పత్రికకు వ్యాసము పంపవచ్చును. అది సంపాదకుని పరీక్షకు నిలిచి అచ్చయిన దినమున, తాతగారి మాట కూడ విజ్ఞానసర్వస్వమున స్థానము పొందును. అప్పుడు దానిని ఎవరును తొలగింపజాలరు.

గడ్డిఅన్నారం విద్యార్థి ఐదు వాక్యములలో మొదటిది తేదీతో పాటు నిలుచును. మూడవది సంవత్సరములు చేర్చుకొని నిలుచును. నాల్గవదాని స్థానమున, 2001 అంకె ఆ యేటి ఎల్లలకు మాత్రమే చెందునను ఎరుకతో ఒంటరిగా నిలుచును. ఐదవది పోవును, పోవుటయే మేలు. రెండవది నోటుబుక్కులో వేచియుండును. ఆ పేరు ఎట్లు వచ్చెనో తెలిసికొనగోరు పిల్లవాడు ఒకనాడు పాత రికార్డులు తెరచినచో, ఆధారముల నియమము వాని నోరు మూయలేదనియు, వానికొక పని చూపినదనియు తేలును.